లోపల బీట

దయ్యాల కథ చెబుతున్నానని అనుకోవద్దు. తాయెత్తు కట్టుకున్నవాళ్లను ఎగతాళి చేసిన మనిషిని నేను. ఇప్పటికీ అలాంటివి నమ్మను. అయినా ఇది జరిగింది.

మా నాయన ఆళ్లగడ్డలో శిల్పి. రాయి కొనేముందు సుత్తితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. గంటలా మోగితే "పలికింది" అనేవాడు. మొద్దుగా వినిపిస్తే లోపల బీట ఉన్నట్టు. ఇక ఆ రాయిని ముట్టడు.

అల్జీమర్స్ వచ్చాక నంద్యాలలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ముందు పేర్లు పోయాయి, తర్వాత ఒళ్లు. పాదాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. గుండీ పెట్టుకోలేడు. ముద్ద బుగ్గన పెట్టుకుని మింగడం మరిచిపోయేవాడు. లుంగీ తడిసేది. ఆ తట్టడం మాత్రం పోలేదు. కంచం, తలుపు, నా బట్టతల, ఏది దొరికితే అది వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. రోజూ అరిచేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు శేఖర్ చూడటానికి వచ్చాడు. వాడిదీ రాతిపనే. జ్వరం కూడా ఎరగని మనిషి. నాయన వాడి రొమ్ము మీద తట్టాడు. చెవి ఆనించాడు. మళ్లీ తట్టాడు.

"ఇది పలకదు. లోపల బీట ఉండాది. పక్కన పెట్టండప్పా."

శేఖర్ పగలబడి నవ్వాడు. "ఏంది నాయనా, కొడుకును గూడా బేరం చేస్తాండావా?"

"ఉలి పెట్టొద్దు. రెండవుతాది," అంటూ నాయన మళ్లీ చెయ్యెత్తాడు.

"నోరు మూస్తావా లేదా!" అని ఆ చేతి మీద కొట్టాను. ఆయన నా వైపు చూడలేదు. వాణ్నే చూస్తూ ఏడ్చాడు.

ఆ వారంలోనే శేఖర్ పని మధ్యలో రొమ్ము పట్టుకుని కూలిపోయాడు. నంద్యాల ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, కర్నూలు తీసుకుపొమ్మన్నారు. పాణ్యం దాటకముందే పోయాడు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలిందట. ముందే స్కానింగ్ తీసి ఉంటే తెలిసేదేమో అన్నాడు డాక్టరు. ఆయన మీదా కేకలేశాను. స్కానింగ్ సెంటరు మా వీధి చివరే ఉంది. నాయన తట్టిన రోజు వాడు నా ఇంట్లోనే ఉన్నాడు. నేనేమో నాయనను కొడుతున్నాను.

విషయం తెలిసి ఇరుగుపొరుగు రొమ్ములు తట్టించుకోవడానికి వచ్చారు. తరిమేశాను.

కన్నకొడుకు పేరు తెలియని మనిషికి అది ఎలా తెలిసిందో నేను చెప్పలేను.

ఇప్పుడు ఆయన చెయ్యి బిగుసుకుపోయింది, పైకి లేవదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చొక్కా విప్పి ఆయన ముందు కూర్చుంటాను. "నాయనా, నాది సూడు." నేను కొట్టిన ఆ చేతినే పట్టుకుని నా రొమ్ము మీద నేనే తట్టించుకుంటాను.

ఆయన చెవి పెట్టడు.