కర్నూలు నుంచి వేంపల్లెకు: ట్రంకుపెట్టెలో ఒక రైలు

రాజధానితో పాటు మా ఆఫీసు కూడా కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోతోందన్న కబురు రాగానే, ఆఫీసు కోసం వేసిన మా గుడారంలో పనిచేసే గుమాస్తాలందరూ ఇళ్ల గురించీ, పిల్లల బడుల గురించీ మాట్లాడుకున్నారు. నేను మాత్రం నా రైలును ఎక్కడ పెట్టాలా అని దిగులుపడ్డాను. విన్నవాళ్లు నవ్వారు, నవ్వనీ. కర్నూలులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్న మూడేళ్లూ సాయంత్రాలు అద్దె ఇంటి పెరట్లో గొంతుక్కూర్చుని అడుగు అడుగుగా వేసుకున్న నారోగేజి రైలు అది. అంతకుముందు ఒక ఆనకట్ట పనుల దగ్గర ఉన్నప్పుడు, మట్టి మోసే ట్రాలీలు సన్న పట్టాల మీద పోతుంటే చూసి మనసు పడ్డాను. నా పట్టాల మధ్య ఎడం రెండు అంగుళాలే. ఆదోనిలో పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలు తెప్పించి, తుమ్మ చెక్కలకు రంపంతో గాడి కోసి, అందులో పట్టీని నిలువునా దిగ్గొట్టి పట్టాలు చేశాను. ఇంజనులో ఉన్నది పాడైన గోడగడియారం స్ప్రింగు. కీ తిప్పి వదిలితే ముప్పై గజాలు పోతుంది. వెనక బిస్కెట్టు డబ్బాల రేకుతో చేసిన రెండు బోగీలు.

హైదరాబాదులో నాకు దొరికింది మేడ మీద ఒక గది, అదీ ఇంకొకరితో పంచుకుని. పిడికెడు మట్టి కూడా లేదు. ఇక మిగిలినవి రెండే దారులు. ఒకటి, రైలును పాత ఇనుము కొనేవాడి తక్కెట్లో పెట్టడం. రెండోది, వేంపల్లెలో మా అక్క లక్ష్మమ్మ వాళ్ల తోట. అక్కకు కార్డు రాస్తే "తీసుకొని రా" అని జవాబు వచ్చింది. తోట బావది. బావ ఏమన్నాడో కార్డులో లేదు. ఆ లేకపోవడమే నన్ను దారి పొడుగునా తొలిచింది.

మూడు రోజులు సెలవు పెట్టాను. మీలో ఎవరైనా కర్నూలు నుంచి ఆ వైపు పోవాలనుకుంటే, బురుజు దగ్గర తెల్లవారి ఆరింటికి బయలుదేరే కడప బస్సు ఎక్కండి. నాలుగు రూపాయల పైచిలుకు టికెట్టు. కిటికీ పక్క సీటు కావాలంటే ఐదున్నరకే పోవాలి. నేను పట్టాలు విప్పి కట్టలు కట్టి, ఇంజనును పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకునేసరికి ఆలస్యమైంది. దాన్ని బస్సు పైకి ఎక్కించబోతూ కండక్టరు ఆగిపోయాడు.

"ఏముండాదప్పా దీంట్లో? శానా బరువుండాదే."

"రైలు" అన్నాను. పొద్దున్నే అబద్ధం ఆలోచించే ఓపిక లేదు.

"రైలు పెట్టుకోని బస్సెందుకెక్కుతాండావప్పా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. పెట్టెకు అర టికెట్టు కొట్టాడు.

నంద్యాల చేరేసరికి తొమ్మిది. అక్కడ అరగంట ఆగుతుంది, ఇడ్లీలు వేడిగా దొరుకుతాయి. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దసరా అయిపోయినా ఆ ఏడు వానలు సరిగా పడలేదు, రోడ్డు దుమ్మంతా బస్సులోనే కూర్చుంది. మైదుకూరు దగ్గర టైరు పోయింది. గంటసేపు తుమ్మచెట్టు నీడలో నిలబడి, ఈ వయసులో నాకీ రైలేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను. కడపలో దిగేసరికి నాలుగు దాటింది. ఐదింటి వేంపల్లె బస్సు పట్టుకుని ఏడింటికి దిగాను. నడుము నాది కానట్టుంది.

బావ ఓబులరెడ్డి ఎద్దుల బండి తెచ్చాడు. మాట కరుకు మనిషి. ట్రంకుపెట్టె బండిలో పెట్టేటప్పుడు మూత తీసి చూశాడు.

"ఇదేనా నీ రైలు? మనిషెక్కల్యాడు, మూటెక్కల్యాదు. ఏమప్పా, ఈడ చెట్లకు నీళ్లు చాలక మేం చస్తాంటే నీకు తోటలో రైలు గావాల్నా?"

"ఒక పక్కన పెట్టుకుంటా బావా. నీకేం అడ్డం రాదు."

"నాకు గాదు, నీళ్లకు అడ్డం రాకూడదు. వచ్చిందనుకో, పారతో పీకి అవతలేస్తా. బామ్మర్దివని చూడను."

బండి ఇంటికి తోలాడు. అక్క జొన్నరొట్టె, శెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్నది గుర్తుంది, నిద్రపోయింది గుర్తు లేదు.

మర్నాడు తోటలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. తోట పెద్దదేం కాదు, నిమ్మచెట్లు, మిరప, కొంచెం వంగ. ఆ చివర బావి. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే తాడు లాగి నీళ్లు పైకి తెచ్చి తొట్టిలో పోసే కపిల దాని మీద. ఆ బావిలో బావకూ, ఆయన పెదనాన్న కొడుక్కూ సగం సగం. ఒకరోజు వీళ్ల వంతు, ఒకరోజు వాళ్ల వంతు. ఆ రోజు వీళ్ల వంతు. బావ ఎద్దులను కట్టేలోపల నేను తోటంతా తిరిగి, నిమ్మచెట్ల పక్కన చదునైన ఖాళీ జాగా ఒకటి చూసుకున్నాను. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలబడింది. ఇంత చక్కటి నేల కర్నూలు పెరట్లో కూడా లేదని మురిసిపోయాను. రెండు గంటలు మోకాళ్ల మీద పాకి, ముప్పై గజాల పట్టాలనూ గుండ్రంగా పరిచాను.

పదకొండింటికి నీళ్లు వచ్చాయి. కాలువ నుంచి ఏ మడిలోకి నీళ్లు పోవాలో ఆ గట్టు తెరిచి, నిండాక మూసి, పక్క మడికి తిప్పడం అక్క పని. దాన్ని వాళ్లు మడవ తిప్పడం అంటారు. ఆమె వంగమడి నింపి పైకి చూసింది. తర్వాతి మడి నేను పట్టాలు పరిచిందే. అప్పుడు అర్థమైంది. తోటలో చదునుగా ఉన్న నేల ఊరికే చదునుగా ఉండదు. నీళ్లు నిలవడానికి ఎవరో ఏళ్ల తరబడి చదును చేసిందే అది. మర్నాడు మిరపనారు నాటడానికి తడపాల్సిన మడి.

"బావా! ఒక్క గడియ ఆపు!" అని అరుస్తూ బావి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన ఎద్దుల వెంట దిగుతూనే అన్నాడు. "ఆపేదానికి ల్యా. పొద్దు గూకే దాంకే మన వంతు. రేపు నీళ్లు వాళ్లవి. నీ రైలు కోసరం నారు ఎండబెట్టుకుందునా?"

ఆయన తప్పేమీ లేదు. నేను తిరిగి వచ్చేసరికి అక్క ఆపగలిగినంతసేపు ఆపి, ఇక కాలువ పొంగుతుంటే మడవ తెరిచేసింది. పట్టాలు బురదలో దిగబడ్డాయి. ఇంజనును మాత్రం ఎత్తి పట్టుకుని నిమ్మచెట్టు కింద కూలబడ్డాను. ఏడవలేదు గానీ, ఏడిస్తే బాగుండుననిపించింది. తిరుగు ప్రయాణంలో కడపలో ఎవడైనా ఇనుము కొనేవాడు దొరికితే ఇచ్చేసి, ఉత్త చేతులతో పోదామని తీర్మానించుకున్నాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. మోకాళ్ల నొప్పులు, కూర్చోవడానికి కూడా చెట్టు పట్టుకోవాలి.

"అబ్బీ, గట్టు మీద పెట్టగూడదా?"

"ఏ గట్టు?"

"కాలువ గట్టు. తొట్టికాడ్నించి ఈడికి నీళ్లు ఎట్ల వస్తాండాయి? ఎగరవు, దూకవు, మెల్లగ వస్తాండాయి. మా మామ కుండతో నీళ్లు పోసి, అవి ఎట్ల పోతే అట్ల తవ్వినాడంట ఆ కాలువ. నీళ్లు పోయిన దోవన నీ బండి పోదా?"

లేచి రసమట్టం పెట్టుకుంటూ గట్టు పొడుగునా నడిచాను. బావి దగ్గరి తొట్టి నుంచి అక్క నిలబడే మొదటి మడవ దాకా ఇరవై ఎనిమిది గజాలు. మొత్తం వాలు జానెడు కూడా లేదు. ఎక్కడా గుంట లేదు, దిబ్బ లేదు. లెవెలు పెట్టి గీసే ఉద్యోగం చేసే నేను మూడేళ్లు పెరట్లో తంటాలు పడినా ఇంత నికరమైన వాలు రాలేదు. గట్టు వెడల్పు మూరెడు. అందులో సగం బావ నడవడానికి వదిలేసినా, సన్నపట్టాలు కాబట్టి మిగిలిన సగంలో నాకు చోటుంది. అన్నం తినకుండానే పట్టాలు బురదలోంచి పీకి, కడిగి, వంపులు సరిచేసి, వరసగా పరిచాను. ముగించేసరికి సాయంత్రం నాలుగైంది. చేతులు రెండూ బొబ్బలు.

తొట్టి దగ్గర నిలబడి కీ తిప్పి వదిలాను. నాలుగో అతుకు దగ్గర రైలు పట్టాలు తప్పింది. మళ్లీ పెట్టాను. ఈసారి కాలువలో నీళ్ల పక్కనే, నీళ్లకంటే కొంచెం ముందుగా, పోయి పోయి అక్క పాదాల దగ్గర ఆగింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బావ ఎద్దులను ఆపాడు. పొద్దుటి నుంచి ఆయన వాటిని ఆపడం అదే మొదటిసారి.

"అది మల్లొస్తాదా?"

"ఇటు తిప్పి కీ ఇస్తే వస్తాది బావా."

ఆయన కొంచెంసేపు చూసి, గిలక చప్పుడు లేదు కాబట్టి మామూలు గొంతుతోనే అన్నాడు. "లచ్చుమ్మా, దాంట్లో నాలుగాకులేసి పంపు."

వంగి లేచే పనిలో మొలలో నిలవదని ఆయన ఆకువక్కల సంచి అక్క దగ్గరే ఉంటుంది. నోరూరినప్పుడల్లా ఆయన అరవడం, ఈమె మోకాళ్లు పట్టుకుంటూ గట్టంతా నడవడం, ఇరవయ్యేళ్లుగా అదే వరస. నేను కీ పట్టుకుని అక్క దగ్గరికి పోయి ఇంజను తిప్పాను. తమలపాకులు, వక్క, సున్నంకాయ బోగీలో పెట్టుకుని రైలు బావి దగ్గరికి పోయింది. ఎదురు వాలు కూడా దానికి లెక్క కాలేదు. బావ తీసుకుని నోట్లో పెట్టుకుని ఎద్దులను అదిలించాడు. పొద్దు గూకేలోపల ఇంకా ఐదుసార్లు నడిపించాడు. కీ ఒకటే కాబట్టి ఈ చివరకూ ఆ చివరకూ నడిచింది నేను. అక్క మాత్రం కూర్చునే ఉంది.

మర్నాడు బస్సు ఏడింటికి. బయలుదేరేముందు బావను అడిగాను. "ఉండనీనా, తీసుకపోదునా?"

ఆయన ఏదో పనున్నట్టు కొట్టం వైపు వెళ్లిపోయాడు. "ఏమీ అనల్యాదు గదా, పో" అంది అక్క. అది ధైర్యమో, ఊరట మాటో తెలియలేదు. ఖాళీ ట్రంకుపెట్టెతో కర్నూలు చేరి, చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తుంటే జేబులో ఏదో గీచుకుంది. కీ! చివరిసారి ఇంజను తిప్పి అలవాటు కొద్దీ జేబులో వేసుకున్నాను. కీ లేని రైలు గట్టు మీద ఉత్త ఇనుము. రేపే బావ వంతు. కాలికి అడ్డం తగిలిందంటే పారతో పీకి అవతలేస్తాడు. అప్పటికప్పుడే కార్డు రాశాను, కీ పార్సిలులో పంపిస్తాను, అంతవరకు పీకేయవద్దని. సామాన్లు కట్టుకుంటూ వారం రోజులు తపాలాబంట్రోతు కోసం చూశాను. ఈపాటికే పీకేసి ఉంటే కీ పంపి లాభం లేదు, జవాబు వచ్చాకే పార్సిలు కడదామనుకున్నాను.

జవాబు వచ్చింది. పెన్సిలుతో, బావ చేతిరాత. "బీగంచెవి పంపొద్దు. నువ్వు పోయిన పొద్దే ఇంజను ఎత్తుకోని కమ్మరాయప్ప కాడికి పోయి రెండు చేయించినా. ఒకటి నా మొలతాడుకుండాది, ఒకటి మీ అక్క కొంగుకుండాది. నీది నీ కాడ్నే పెట్టుకో. వచ్చినప్పుడు తిప్పేదానికి నీకూ ఒకటి ఉండల్ల గదా."

ఇప్పుడు హైదరాబాదులో ఆ మేడ గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఈ ఊరు ఇంకా అలవాటు కాలేదు. ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం చేతులకు ఏ పనీ ఉండదు, అలసట మాత్రం ఎప్పటిదే. నేను లేకుండా నా రైలు నడుస్తోందని తలుచుకుంటే మొదట్లో కొంచెం కష్టంగానే ఉండేది. ఇప్పుడు రోజు విడిచి రోజు, ఈ వేళకు అక్క ఆకులు మడిచి బోగీలో పెడుతుంటుందని లెక్క వేసుకుంటాను. ఆ రోజు పని తొందరగా తెములుతుంది. మీరూ మీ పెరటి రైలును ఎక్కడో ఒకచోట దిగబెట్టాల్సివస్తే నాదొకటే సలహా. పోయేముందే కమ్మరితో ఇంకొక కీ చేయించుకోండి. ఒకటి అక్కడ వదిలేసి రండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.