ఒక్క ఊరితో ఆగిన లూపు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి క్రషింగ్ సీజనులో నేను అనకాపల్లి దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో సిస్టమ్స్ మేనేజరుగా ఉన్నాను. హోదా పెద్దదిగానే వినిపిస్తుంది గానీ, నా విభాగం మొత్తం నేనూ, అసిస్టెంటు జాన్‌ప్రసాదూ, మూలుగుతూ నడిచే ఒక ఏసీనూ.

చెరకు రైతు తనకు వీలైన రోజున కోయడానికి లేదు. ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డరు రావాలి, అది లేని బండిని గేటు దాటనివ్వరు. ప్రతి ఊళ్లోనూ చెరకు తూచే మా కాటా దగ్గర ఒక కంప్యూటరు, ప్రింటరు ఉండేవి. మేం ఇక్కడి నుంచి వాటిలోకి లాగిన్ అయి ఆదేశమిస్తే అక్కడ ఆర్డర్లు అచ్చయ్యేవి. రోజూ ఊరూరికీ ఇదే పని చేతితో చేసి విసిగిపోయిన జాన్‌ప్రసాద్ ఆ ఆదేశాలన్నీ వరసగా తనంతట తనే ఇచ్చే చిన్న ప్రోగ్రాము, ఒక షెల్ స్క్రిప్టు రాశాడు. అందులో ఒకే పనిని జాబితా అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేసే లూపు ఇలా నడవాలి: జాబితాలో ఒక ఊరి పేరు చదవడం, ఆ ఊరి కంప్యూటరులోకి వెళ్లి అచ్చు వేయించడం, తిరిగొచ్చి తర్వాతి పేరు చదవడం.

తొలి ఉదయం లూపు చకచకా ముగిసింది. తప్పు జరిగిందన్న సందేశం ఒక్కటీ రాలేదు. ఇద్దరం గొప్పగా టీ తెప్పించుకున్నాం.

పొద్దెక్కాక మాడుగుల నుంచి అప్పలనాయుడు గారనే రైతు రొప్పుతూ వచ్చారు. "కె. కోటపాడులో మా బావకి ఆర్డరు వచ్చీసిందమ్మా. మాకేటి రాలేదు? కోత ముఠా గట్టు మీద కూకున్నారు. మద్దేనం దాకా సూత్తారట, రాకపోతే ఏరే ఊరెల్లిపోతారట" అన్నారు. ముఠా పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఈలోగా చెరకు ఎండి బరువు తగ్గిపోతుంది.

చూస్తే ఆర్డర్లు కె. కోటపాడుకు మాత్రమే వెళ్లాయి. జాబితాలో మొదటి పేరు అదే. పరీక్షకని దేవరాపల్లిని పైకి తెచ్చి మళ్లీ నడిపాం. ఈసారి దేవరాపల్లికి మాత్రమే వెళ్లాయి. వెనక నిలబడి చూస్తున్న నాయుడు గారికి విషయం అర్థమైపోయింది. "అయితే మా మాడుగుల పైనెట్టీండమ్మా!" అన్నారు.

పెట్టొచ్చు. కానీ ప్రతి ఊళ్లోనూ ఒక ముఠా గట్టు మీద కూర్చునే ఉంది. కాసేపు ఆగమన్నాను. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది, జాన్‌ప్రసాద్ వంక చూస్తే ఒళ్లు మండింది.

"ఎలా పరీక్షించావోయ్?" అని అడిగాను. కె. కోటపాడు ఒక్కదానితోనే అన్నాడు, నేల చూపులు చూస్తూ. ఒక్క ఊరే ఉంటే రెండో పేరు చదవాల్సిన పనే రాదు, తప్పు బయటపడదు. దాంతో సంగతి తేలిపోయింది. ఊరి కంప్యూటరులోకి తీసుకెళ్లే ఎస్ఎస్‌హెచ్ అనే ఆదేశానికి, ఎదురుగా ఉన్న జాబితా అంతా తనకోసమే అనుకుని చదివేసే అలవాటుంది. పెళ్లి పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నాయన పులిహోర గంగాళమే లాక్కున్నట్టు. లూపు తిరిగొచ్చేసరికి చదవడానికి పేర్లేవీ మిగలలేదు, పని అయిపోయిందనుకుని మర్యాదగా ఆగిపోయింది.

మందు చిన్నదే. జాబితా జోలికి పోవద్దని ఎస్ఎస్‌హెచ్‌కి చెప్పే 'మైనస్ ఎన్' అనే గుర్తు ఒకటి చేర్చి, ఆర్డర్లు అందని ఊళ్లతో నడిపాం. మాడుగుల అన్నిటికంటే కింద ఉంది. అది చూసి నాయుడు గారు గొంతు పెంచారు. "ఆఖర్నెట్టేరేటమ్మా! మేం సెరుకు ఎయ్యలేదా, గడ్డి ఎట్టేమా?" అని ఇంకా ఏదో అనబోతుండగా ఆయన జేబులో ఫోను మోగింది. మాడుగుల కాటా గుమాస్తా. విని, నోరు తెరిచి మా వైపు చూశారు. "ఆఖర్నున్నా వచ్చీసిందేటి!" అని ముఠాకి ఫోను చేసుకుంటూ, టీ ఇస్తామన్నా ఆగకుండా వెళ్లిపోయారు. ఆయన బండి ఆ సాయంత్రమే మా గేటు దాటింది.

ఒక్క పేరుతో పరీక్షించిన లూపును పరీక్షించనట్టే లెక్క. ఆ తర్వాత మా విభాగంలో ఏ లూపు రాసినా, జాబితాలో ఆఖరి ఊరికి ఫోను చేసి కనుక్కున్నాకే టీ తెప్పించుకునేవాళ్లం.