ఆయిల్ లారీ దిగిన లారెట్

లారెట్ మిషో ఇరవై తొమ్మిదేళ్లు ఆయిల్ లారీ నడిపింది. సెంట్ జాన్ నది పొడుగునా, మా ఊరు సెంట్ బ్లేజ్ నుంచి కెనడాలోకి దాటే వంతెన దాకా, ఇళ్ల నేలమాళిగల్లో ఉండే ట్యాంకులన్నీ ఆవిడ చేతి మీదుగానే నిండేవి. అక్టోబరు నుంచి మే దాకా ఇక్కడ ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ బాయిలర్ ఆరిపోతే ఇంట్లో ఉండలేం. అందుకని ఆవిడ లారీ మలుపు తిరిగిందంటే చాలు, ముసలివాళ్లు కిటికీ తెర జరిపి చేయి ఊపేవాళ్లు.

ఆ ఉద్యోగం ఆవిడకి ముప్పై మూడో ఏట దొరికింది. అప్పటికి పన్నెండేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోంది. ఆయిల్ కంపెనీ డ్రైవరు నడుం పట్టేసి మంచాన పడ్డాడని విని, కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి తిన్నగా కంపెనీ యజమాని దగ్గరికి వెళ్లింది.

"లారీ నడపడం వచ్చా?" అన్నాడాయన.

"పదిహేనో ఏట నుంచీ మా నాన్న బంగాళదుంపల లారీ నేనే నడిపాను."

"నడపడం ఒకటే కాదమ్మా. నడుంలోతు మంచులో గొట్టం ఈడ్చుకుపోవాలి. దాని బరువెంతో తెలుసా?"

"దుంపల పీపా కన్నా బరువుంటుందా?"

"సోమవారం రా," అన్నాడాయన.

ట్యాంకు నిండుతున్నంతసేపూ గోడలోంచి పైకి వచ్చిన సన్నపు గొట్టం ఈల వేస్తుంది. ఈల ఆగితే నిండినట్టు. ఆ నాలుగైదు నిమిషాలూ లారెట్ ఆ ఇంటికేసి చూస్తూ నిలబడేది. కప్పు మీద మంచు ఏ మూల ముందు కరుగుతోంది, ఏ కిటికీకి లోపలివైపు మంచు పేరుకుంది, ట్యాంకు ముల్లు చూడ్డానికి నేలమాళిగలోకి దిగితే ఏ గది తలుపు కింద పాత తువ్వాలు కుక్కారు, అన్నీ కంటపడేవి. పనిగట్టుకుని చూసేది కాదు. అక్కడ చూడ్డానికి ఇంకేమీ ఉండదు.

అరవై రెండో ఏట మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు ఇంక గొట్టం పట్టుకోవద్దన్నాడు. ఇంట్లో కూర్చున్న మూడు వారాల్లో ఆవిడ బీరువాలన్నీ సర్దింది, వంటింట్లో ప్రతి డబ్బా మీదా పేరు రాసి అంటించింది. నాలుగోవారం వాళ్లాయన రెయాల్ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని, "దీన్ని నేను నలభై ఏళ్లుగా ఎరుగుదును, లారెట్. దయచేసి ఎక్కడికన్నా వెళ్లిరా," అన్నాడు.

ఆ సాయంత్రం చర్చి హాల్లో మీటింగు ఉంది. కాఫీ ఇస్తారని వెళ్లింది. నేను ఊరి కార్యాలయంలో గుమాస్తాని. ఆ మీటింగులో ఎవరేమన్నదీ రాసుకోవడం నా పని కాబట్టి, తర్వాత జరిగినదంతా నా కళ్లముందే జరిగింది.

మా జిల్లావాళ్లు అప్పుడే ఒక సలహా మండలి పెట్టారు. ఇళ్లలో ఆయిల్ మంట తగ్గించడం ఎలా, గాలి నుంచీ ఎండ నుంచీ వచ్చే కరెంటుతో వేడి చేసుకోవడం ఎలా, అడవినీ నదినీ కాపాడుకోవడం ఎలా అని జిల్లాకి సలహా చెప్పాలి. అధ్యక్షుడు వెండెల్ హాస్కెల్. నలభై ఏళ్లు కాగితం మిల్లుల కోసం అడవుల్లో చెట్లు లెక్కపెట్టి, రిటైరయ్యాక అవే చెట్లు నరకొద్దని చెప్పేవాళ్లలో చేరినాయన. మిగతావాళ్లలో ఒక పక్షుల ప్రొఫెసరు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక లాయరు, ఇంజనీరు ఆండర్స్ హెడ్‌మన్ ఉన్నారు. ఆండర్స్ మా పక్కనే, స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరి కుర్రాడే. పదేళ్లు డెన్మార్క్‌లో సముద్రం మీద గాలిమరలు నిలబెట్టి తిరిగొచ్చాడు.

ఆ రోజు ఆండర్స్ గోడ మీద ఒక పటం చూపించాడు. ఆయిల్ ఎక్కువ తగలేసే ఇళ్లు ఎర్రగా, తక్కువ వాడే ఇళ్లు పచ్చగా ఉన్నాయి. కరెంటుతో ఇల్లు వేడి చేసే హీట్ పంపులు ముందు ఎర్ర ఇళ్లకి ఇవ్వాలని, పచ్చ ఇళ్లు వేడిని బాగా పట్టి ఉంచుతున్నాయి కాబట్టి వాటికి ఇప్పట్లో అక్కర్లేదని చెప్పాడు.

వెనక వరసలోంచి లారెట్ చేయెత్తింది.

"పచ్చ ఇళ్లు బాగున్నాయని ఎలా తెలిసింది బాబూ?"

"అంత పెద్ద ఇంటికి అంత తక్కువ ఆయిల్ సరిపోతోందంటే, వేడి బయటికి పోవట్లేదనేగా అండీ."

"సరిపోవట్లేదు. మేడమీద గదులన్నీ మూసేసి, వంటింట్లో కోటు వేసుకుని కూర్చుంటున్నారు. నది ఒడ్డున ఒక ఇల్లుంది. ఏడాదికి రెండుసార్లు నింపే ట్యాంకు ఆ ఇంటాయన భార్య పోయాక ఏడాదికి ఒక్కసారి కూడా పూర్తిగా నిండట్లేదు. మీ పటంలో అది చక్కటి పచ్చగా ఉంది."

ఆండర్స్ పటంకేసి తిరిగి చాలాసేపు చూశాడు. తర్వాత, "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండీ?" అని అడిగాడు.

"కూర్చో, చెప్తాను," అంది లారెట్.

మరుసటి నెల మండలిలో ఒక ఖాళీ కుర్చీలోకి వెండెల్ ఆవిడని తీసుకున్నాడు. సభ్యులు ఒక్కొక్కరూ తమ చదువూ అనుభవమూ రాసిస్తే జిల్లా వెబ్‌సైటులో పెడతామన్నారు. ఆండర్స్‌ది ఒక పేజీ వచ్చింది. పక్షుల ప్రొఫెసరుది పేజీన్నర. లారెట్ నా బల్ల దగ్గరికొచ్చి ఒక చీటీ పెట్టింది. అందులో 'ఆయిల్ లారీ, ఇరవై తొమ్మిదేళ్లు' అని ఉంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంకేముంది చెప్పు? కాలర్లు కుట్టానని రాయమంటావా? అబద్ధాలు రాయలేను పిల్లా."

నేను వెండెల్‌కి ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చాను. ఆయన అవతల ఏదో అడిగాడు. లారెట్ వేళ్లు మడిచి వీధి వీధినా గుర్తు చేసుకుంటూ, "వెయ్యీ నూట చిల్లర," అంది. ఫోను పెట్టేసి, కాస్త సిగ్గుపడుతూ, చీటీ వెనక్కి తీసుకుని కింద ఇంకో ముక్క రాసింది: 'ఈ లోయలో పదకొండు వందల నేలమాళిగలు చూశాను.' అది అలాగే వెబ్‌సైటులోకి ఎక్కింది.

అయితే ఆవిడ మీటింగులో పేరు చెప్పకపోయినా, నది ఒడ్డున ఇల్లు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఓవీడ్ బుషార్‌కీ తెలిసింది. ఎనభై ఒక్క ఏళ్ల వడ్రంగి ఆయన. ఆ ఇల్లు తన చేత్తో కట్టుకున్నాడు. ఆదివారం చర్చి మెట్ల మీద లారెట్‌ని ఆపాడు.

"నా ట్యాంకు సంగతి మీటింగులో చెప్పావట."

"నీ పేరు చెప్పలేదు ఓవీడ్."

"పేరు చెప్పకపోతే జనానికి తెలియదా? ఇరవై తొమ్మిదేళ్లు నా నేలమాళిగలోకి రానిచ్చాను. ఇందుకా?"

ఆ వారమంతా లారెట్ సరిగ్గా తినలేదని రెయాల్ తర్వాత నాతో చెప్పాడు. అది చాలదన్నట్టు, ఆవిడతో కలిసి ఆయిల్ లారీలు నడిపిన నార్మన్ హోటల్లో ఎదురుపడి, "ఏం లారెట్, ఇంతకాలం మాతో కలిసి తిన్నావు. ఇప్పుడు మా పొట్ట కొట్టే పనిలో చేరావటగా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, మాట గుచ్చుకుంది. ఆవిడ సూపు సగంలో వదిలేసి లేచొచ్చింది.

మండలి నుంచి తప్పుకుంటానని నాతో అంది. రెండ్రోజులాగి తనే బక్‌వీట్ అనే గింజల పిండితో అట్లు పోసి, గుడ్డలో చుట్టుకుని ఓవీడ్ ఇంటికి వెళ్లింది. నాకు తర్వాత తనే చెప్పిన దాని ప్రకారం, ఆయన తలుపు జానెడు మాత్రమే తీశాడు.

"తప్పు నాదే," అంది లారెట్. "నీ సంగతి ముందు నిన్ను అడిగి, తర్వాత అక్కడ చెప్పాల్సింది. అడగలేదు. అది చెప్పడానికే వచ్చాను."

ఓవీడ్ అట్లకేసి చూశాడు. "వేడిగా ఉన్నాయా?"

"గుమ్మంలో ఇలాగే నిలబెడితే ఉండవు."

తలుపు తెరుచుకుంది. వంటింట్లో కూర్చుని ఇద్దరూ అట్లమీద వెన్న రాసుకుని తిన్నారు. ఆయన కోటు విప్పలేదు. ఆవిడా విప్పలేదు. ఊరి సంగతులు కాసేపు అయ్యాక లారెట్ నెమ్మదిగా మొదలెట్టింది.

"ఆ హెడ్‌మన్‌ల అబ్బాయి దగ్గర ఒక కెమెరా ఉంది ఓవీడ్. గోడలో చలి ఎక్కడ దూరుతోందో చూపిస్తుందట. నా చేత్తో పట్టుకోలేనిది ఆ డబ్బా ఏం పడుతుందని నేనన్నాను. ఇద్దరం తేల్చుకోవాలి. మంచి ఇల్లు కావాలి."

"నేను కట్టిన ఇంట్లో చలి దూరదు."

"అదే నేనూ చెప్పాను."

ఆ శనివారం ఆండర్స్ కెమెరా తెచ్చాడు. రాసుకోవడానికి నేనూ వెళ్లాను. బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు తక్కువ. నేలమాళిగలో లారెట్ చేయి తడుపుకుని, పునాది రాళ్ల మీద దూలం కూర్చున్న చోట చేతి వెనకవైపు ఆనించీ ఆనించకుండా నడుచుకుంటూ వెళ్లింది. మోకాళ్లు నొప్పెడుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఉత్తరపు మూల దగ్గర ఆగి, "ఇక్కడ," అంది. ఆండర్స్ కెమెరా ఎత్తాడు. తెర మీద ఆ మూల మాత్రం చిక్కటి నీలంగా ఉంది, మిగతా గోడంతా పసుపు.

ఓవీడ్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ తెరని చాలాసేపు చూశాడు. ఆయన మొహం మొదట ఎర్రబడి, తర్వాత విప్పారింది.

"ఆ మూల మా బావమరిది కట్టాడు," అన్నాడు.

ఆండర్స్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఓవీడ్ ఆ కెమెరా చేతిలోకి తీసుకుని తన గోడలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాడు. యాభై ఏళ్ల కింద తను బిగించిన పని ఎలా నిలబడిందో ఆయనకి మొదటిసారి కనిపించింది. "చూడు, ఎక్కడా నీలం లేదు. చూశావా, ఇక్కడా లేదు," అని ప్రతి గోడ దగ్గరా అంటూనే ఉన్నాడు. మేడ మీది గదులు కూడా తనే తాళం తీసి చూపించాడు. భార్య కుట్టిన బొంత మంచం మీద పరిచే ఉంది. ఆ గదిలో మా ఊపిరి పొగలా కనబడుతోంది. కింద ఆ మూల నుంచి లేచిన చలి గోడ సందులోంచి పైకి వస్తోందని ఆండర్స్ కెమెరాలో చూపించాడు. లారెట్ కిటికీ దగ్గరికి వెళ్లి నదికేసి చూస్తూ నిలబడింది.

వసంతం వచ్చేలోగా ఆ మూల మూసేశారు. ఎలా మూయాలో ఓవీడ్ కుర్చీ వేసుకుని కూర్చుని చెప్తుంటే, పనివాళ్లు రెండుసార్లు విప్పి మళ్లీ బిగించారు. తర్వాత హీట్ పంపు పెట్టారు. మరుసటి శీతాకాలం ఆయన మేడ మీద తన మంచం మీదే పడుకున్నాడు. ఆ సంగతి ఎవరికి చెప్పాలన్నా తనే చెప్పుకున్నాడు. అయితే ఆయన చెప్పకుండా వదిలినవాళ్లు లేరు.

మండలి తన పద్ధతి మార్చుకుంది. పటంలో పచ్చగా ఉన్న ప్రతి ఇంటికీ ఇప్పుడు ముందు ఎవరో ఒకరు వెళ్లి, కూర్చుని, అడుగుతారు. ఇంటివాళ్లు సరేనంటేనే పేరు రాస్తారు. ఆ షరతు పెట్టింది లారెట్. ఆవిడ ఇంకో సలహా కూడా ఇచ్చింది, దానికి బ్యాంకు మేనేజరుతో మూడు మీటింగుల పాటు వాదించింది. గోడల్లో చలి దూరే సందులు మూసే పనీ, హీట్ పంపులు బిగించే పనీ ముందు ఆయిల్ లారీ డ్రైవర్లకి నేర్పించాలన్నది.

"వాళ్లకి ఇళ్లు తెలుసు. ఇళ్లకి వాళ్లు తెలుసు. పట్నం నుంచి మనుషుల్ని తెచ్చుకోవడం ఎందుకు?"

మొదటి తరగతికి నలుగురు వచ్చారు. నార్మన్ చిట్టచివరి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండో వారానికి ముందు వరసలోకి వచ్చాడు. ఇప్పుడు వారంలో మూడు రోజులు లారీ, రెండు రోజులు ఈ పని. ఆవిడతో మాత్రం ఇంకా ఎకసెక్కాలే. "మేడమ్ సలహాదారు గారూ" అంటాడు. ఆవిడ "నోరు మూసుకుని కాఫీ తాగు" అంటుంది.

లారెట్‌కి ఇప్పుడు అరవై ఎనిమిది. మండలిలో రెండోసారి కొనసాగుతోంది. ఈ ఏడు మండలి గడ్డి పొలాల మీద పడింది. జూన్‌లో గడ్డి కోస్తే నేల మీద గూళ్లు పెట్టుకునే బోబొలింక్ పిట్టల పిల్లలు కోత యంత్రం కింద పోతున్నాయట. పక్షుల ప్రొఫెసరు రూత్ ఆల్డెన్ ఆ మాట చెప్పినప్పుడు లారెట్ తనకి పిట్టల గురించి ఒక్క ముక్క కూడా తెలియదని ఒప్పుకుని, చూపించమని అడిగింది. కిందటి వారం పొద్దున్నే ఇద్దరూ రబ్బరు బూట్లు వేసుకుని రెయాల్ గడ్డి పొలంలో దిగారు. మోకాలి పట్టీలతో లారెట్ అడుగులో అడుగు వేసుకుంటూ రూత్ వెనక నడిచింది. కంచె దగ్గర రెయాల్‌తో పాటు నేనూ నిలబడ్డాను.

గడ్డి మధ్యలో లారెట్ ఉన్నట్టుండి ఆగి, వంగి, మాకేసి తిరిగి చేయి పైకెత్తింది. గూడు దొరికినట్టుంది. రెయాల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అంటే జూలై దాకా కోయనివ్వదన్నమాట," అన్నాడు.

"ఏమో, అడగండి," అన్నాను.

"అడగడమెందుకు? చూడు ఎలా నవ్వుతోందో."

ఆయన కోత యంత్రానికి పట్టా కప్పడానికి కొట్టంకేసి వెళ్లాడు.