పారే నీళ్ల కోసం

వెంకటరాముడు ధర్మవరంలో పుట్టి, అక్కడే మగ్గం గుంటలో కాళ్లు దించి, యాభై దాటేదాకా పట్టుచీరలు నేసినవాడు. అన్న తిప్పేస్వామి చీర నడుమ నేస్తే, పక్కనే కూర్చుని అంచుకు దారం పోసే నాడె విసిరేది తమ్ముడు. పెళ్లిళ్లయినా, తలలు నెరిసినా ఆ ఏర్పాటు మారలేదు. ఇంగ్లండులో ఒక మ్యూజియం వాళ్లు నేత చూపించడానికి మనిషిని పంపమంటే, ఆ చలి తనకు పడదని అన్నే తమ్ముణ్ని విమానం ఎక్కించాడు.

అక్కడికి పోయిన రెండో వారంలో అన్న గుండె ఆగి చనిపోయాడని ఫోనొచ్చింది. ఎంత తొందరపడి బయలుదేరినా మట్టికి అందుకోలేవు, ఉండిపో అని ఇంటివాళ్లే చెప్పారు. ఉండిపోయాడు. ఇక మిగిలింది పెద్దదినం. ఆ రోజు పొద్దు నడినెత్తికి రాకముందే తమ్ముడనేవాడు పస్తుతో, పారే నీళ్లలో అన్నకు నువ్వులు, నీళ్లు వదలాలి. నిలవ నీళ్లలో వదిలితే పోయినవాళ్లు అక్కడే నిలిచిపోతారని వాళ్లమ్మ చెప్పేది. అందుకే చిత్రావతి ఎండిపోయినా ఇసుకలో చెలమ తవ్వి, ఊరుతున్న నీళ్లలోనే ఆ పని చేస్తారు.

మ్యూజియంలో పనిచేసే సౌమ్యది హిందూపురం. దగ్గర్లో ఏరు లేదు గానీ కాలువ ఉందని ఆమె చెప్పగానే వెంకటరాముడి మనసు కుదుటపడింది. పెనుకొండ పక్కన పెద్ద కాలువకు నీళ్లు వదిలినప్పుడు, కాలు జారిన గొర్రె మళ్లీ కనబడని ఉరవడి ఆయన చూశాడు. కాలువంటే పారేదే. ఇంకో రకం ఉంటుందని ధర్మవరంలో ఎవరికీ తట్టదు.

పెద్దదినం పొద్దున, నీళ్లు చేతికందుతాయని, తెలిసిన ముసలాయన పడవలో సౌమ్య ఆయన్ను ఎక్కించింది. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత సన్నటి పడవ. లోపల పొయ్యి, మంచం, కిటికీలకు లేసు తెరలు. చూడ్డానికి వచ్చిన అతిథి అనుకుని ముసలాయన హుషారుగా టీ కాచాడు. వెంకటరాముడు వద్దని తల ఊపాడు. గట్టు మీద కుక్కతో నడుస్తున్న ఒకావిడ పడవను దాటిపోయింది.

"మన ధర్మవరం ప్యాసింజరే నయం కదా మామా," అంది సౌమ్య.

ఆయన నవ్వలేదు. నీళ్లకేసి చూస్తున్నాడు. ఎదురొచ్చిన పడవకు దారివ్వడానికి వీళ్లది గట్టుకు ఆనుకుని ఆగింది. కదిలిన నీళ్లు సర్దుకున్నాక, పక్కనే తేలుతున్న ఎండుటాకు ఉన్నచోటే ఉండిపోయింది. చాలాసేపు చూశాడు. అది కదల్లేదు.

"పాపా, ఈ నీళ్లు యాడికి పోతాయి?"

సౌమ్య అడిగితే ముసలాయన పెద్దగా నవ్వాడు. ఎక్కడికీ పోవట, ఇది తవ్వి నింపిన కాలువట. వెంకటరాముడు ఒళ్లో ఉన్న నువ్వుల పొట్లం గట్టిగా పట్టుకున్నాడు.

"ఈడ ఇడిస్తే మాయన్న ఈ మురుగులోనే ఉండిపోతాడు. ఊరు కాదు, మాట తెలీదు. ఎవురున్నారు ఆయప్పకు ఈడ?"

అప్పుడు సౌమ్య ముసలాయనకు ఉన్న విషయం చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ముందర పడవల్ని ఎక్కించి దించే లాకు ఉందనీ, అక్కడ మాత్రం తూము ఎత్తితే నీళ్లు కిందికి దూకుతాయనీ, మెట్టు మెట్టుగా దిగి చివరికి ఏట్లో కలుస్తాయనీ చెప్పాడు. ఎంత సేపవుతుంది అంటే, ఈ పడవ ఇంతకంటే వేగం పోదనీ, పడవ లేకుండా ఊరికే తూము ఎత్తకూడదనీ అన్నాడు. మబ్బుల్లో పొద్దు కనబడక వెంకటరాముడు సౌమ్య గడియారమే చూస్తూ కూర్చున్నాడు.

లాకు దగ్గర ఇంకో పడవ కిందినుంచి పైకి ఎక్కుతోంది. అది బయటికొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ముసలాయన తన పడవను రాతి గోడల మధ్యకు తెచ్చాడు. సౌమ్య వెనక తలుపులు మూసి, ముందు తలుపుల దగ్గర తూము తిప్పే ఇనుప పిడి పట్టుకుని నిలబడింది. అప్పటికింకా పన్నెండు కాలేదు. వెంకటరాముడు గట్టు మెట్లమీదుగా ఆ తలుపుల అవతల కింది నీళ్లదాకా దిగి, కోటు విప్పి, తువ్వాలు నడుముకు చుట్టుకున్నాడు. చలికి ఒళ్లు వణికింది.

"తిప్పు పాపా."

నీళ్లు తెల్లగా పొంగి తోసుకొచ్చాయి. గోత్రం, అన్న పేరు పలికి, బొటనవేలి పక్కనుంచి మూడుసార్లు నువ్వులతో నీళ్లు వదిలాడు. నల్లటి గింజలు సుడిలో ఒకసారి తిరిగి, చూస్తుండగానే కిందికి సాగిపోయాయి. పడవలో ముసలాయన టోపీ తీసి పట్టుకున్నాడు.

నీళ్లు వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఊళ్లో అయితే నాలుగు అడుగులు వేస్తే ఇసుక దిబ్బ చాటైపోతుంది. ఇక్కడ కాలువ తిన్నగా ఉంది, పడవ నడకేమో అంత నిదానం. లాకులో నీళ్లు దిగి తలుపులు తెరుచుకున్నాక వెంకటరాముడు పడవ ఎక్కి, ముందు చివర కూర్చుని, మెడ బిగబట్టి, ఎదురుగానే చూశాడు. సౌమ్య టీ తెచ్చిచ్చింది. ఈసారి తీసుకున్నాడు. ఎంతో సేపటికి ఒక వంపు వచ్చింది. అది దాటాక కూడా తల తిప్పలేదు.