స్కిప్ కొట్టిన కట్‌సీన్

2012. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ దగ్గర నాకొక గేమింగ్ సెంటర్ ఉండేది. రెండు టీవీలు, రెండు కన్సోళ్లు, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఒక కూలర్. ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అప్పట్లో అందరికీ ఒక షూటర్ గేమ్ అంటే పిచ్చి. మూడు భాగాలు. మొదటి దాంట్లో ఇద్దరు సైనికులు కలుస్తారు, రెండో దాంట్లో ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుంటారు, మూడో దాంట్లో శత్రువుల కోట నుంచి బయటపడాలి. స్ప్లిట్ స్క్రీన్‌లో, అంటే టీవీ తెరను పైన సగం, కింద సగం చేసి, ఇద్దరు కలిసి ఆడొచ్చు. మిషన్ల మధ్య కట్‌సీన్లు వస్తాయి. సినిమాలా కథ చెప్పే ముక్కలవి. వాటిని ఓపిగ్గా చూసింది నేనొక్కణ్ణే. గంట లెక్కన ఆడేవాడికి కథతో ఏం పని? రాగానే బటన్ నొక్కి దాటేసేవారు.

లక్ష్మణ్, సలీం పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్లు. మూడు భాగాలూ జోడీగానే ఆడారు. ఒకడు ముందుకురికితే రెండోవాడు కవర్ ఫైర్ ఇచ్చేవాడు, అంటే శత్రువు తలెత్తకుండా కాల్పులు. ఆఖరి మిషన్ మిగిలి ఉండగా ఇద్దరూ దుబాయ్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లారు. ఉన్నది ఒకటే ఉద్యోగం. అది సలీంకు వచ్చింది. తన మీద వాళ్లకు ఏదో చెడు చెప్పి ఉద్యోగం కొట్టేశాడని లక్ష్మణ్ అతనితో మాట మానేశాడు.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం సలీం వచ్చాడు.

"భయ్యా, రేపు పోతున్న. గా ఆఖరి మిషన్ వానితోనే ఆడాలె. నేను చేస్తే ఫోన్ ఎత్తుతలేడు."

నేనే లక్ష్మణ్‌కు ఫోన్ చేశాను. "మీ సేవ్ ఫైల్ ఖరాబయ్యేటట్టుంది, జర వచ్చి చూస్కో" అన్నాను. అంతవరకు ఆడిన ఆటంతా సేవ్ ఫైల్‌లోనే ఉంటుంది. నిజానికి అది నిక్షేపంగా ఉంది. ఆ అబద్ధానికి నాకు ఇప్పటికీ విచారం లేదు. లక్ష్మణ్ తలనిండా దూదితో మిల్లు నుంచి ఉరికొచ్చాడు. సలీంను చూసి గుమ్మంలో ఆగాడు, అయినా రెండో కంట్రోలర్ తీసుకుని కూర్చున్నాడు.

ఆట చివర హెలికాప్టర్ వచ్చింది. కట్‌సీన్ దాటేసి ఇద్దరూ దానివైపు పరిగెత్తారు. మిషన్ ఫెయిల్. మళ్లీ ఆడారు, మళ్లీ ఫెయిల్.

"గేమే ఖరాబున్నట్టుంది" అని సలీం విసుక్కున్నాడు.

"గేమ్‌ల ఏం తప్పు లేదు. గీసారి కట్‌సీన్ దాటకుండ్రి" అని, పైలట్ ఇంగ్లీషులో చెబుతున్నది తెలుగులో చెప్పాను. "లోపల ఒక్కనికే జాగ ఉంది. ఒకడు ఎక్కాలె, ఇంకొకడు కింద నిలబడి కవర్ ఇయ్యాలె. ఇద్దరూ ఎక్కుతమంటే ఎవ్వడూ బయటపడడు."

సలీం కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వెక్కు లక్ష్మణ్. అల్లా కసం, నీ మీద నేనేం చెప్పలే."

లక్ష్మణ్ తెర మీంచి చూపు తిప్పలేదు. "నాకెరుకే. కోపం నీ మీద కాదురా, నా నసీబు మీద. నువ్వెక్కు. నేను కవర్ ఇస్త."

తెర పై సగమంతా ఆకాశం, సలీం సైనికుడు వెళ్లిపోతున్నాడు. కింది సగంలో లక్ష్మణ్ తూటాలు అయిపోయేదాకా కాలుస్తూనే ఉన్నాడు. మిషన్ పూర్తయిందని తెర మీద పడగానే సలీం వాణ్ణి పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత నా సెంటర్లో కట్‌సీన్ నడిచినంతసేపు గంట లెక్క ఆపేసేవాణ్ణి. ఎంత గురి ఉన్నా, ఎవరి కోసం కాలుస్తున్నాడో తెలియనివాడు ఆఖరి మిషన్ దాటలేడు.