శెట్టిగారి ఊపిరి

హోసూరు జవుళి అంగడి అశ్వత్థనారాయణ శెట్టి ఎవరు టేపు తీసినా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు. కుట్టిన చొక్కాకు గుండీలు పట్టకపోతే, సొంత అంగడి గుడ్డే అయినా, కుంచించుకుపోయిందని దాన్నే తిట్టేవాడు. కూర్చుంటే పొట్ట ఒళ్లోకి దిగేది. దానిమీద గజంబద్ద ఆనించుకుని, "కొవ్వు కాదప్పా, వట్టి గ్యాసు" అని అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. భార్య వాసవాంబ మాత్రం నమ్మలేదు. "బెంగుళూరులో కొత్తగా సీటీ స్కాను వచ్చిందంట, తీయిస్తాము. కొవ్వని తేలిందా, ఆ పొద్దు నుంచి నెయ్యి లేదు" అనింది. పక్కనున్న తళి ఊరి వెన్న కాచిన నెయ్యి లేనిదే శెట్టికి ముద్ద దిగదు. భయపడుతూనే యంత్రంలో పడుకున్నాడు. "ఊపిరి బిగబట్టండి" అన్న మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది. తనకు బాగా వచ్చిన విద్య అదొక్కటే మరి! పొట్టను వెన్నుకు అంటుకునేలా లాగాడు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, పేగుల చుట్టూ పరుచుకున్న నల్లటి కొవ్వును స్కేలుతో కొలిచాడు. "కదలకుండా ఉండాలని బిగబట్టమన్నాము శెట్టిగారూ, కొవ్వును దాచిపెట్టమని కాదు."

మరునాడు భోజనాల దగ్గర వాసవాంబ నెయ్యిగిన్నెను భర్త విస్తరి దాటించి పక్కకు తీసుకుపోయింది. శెట్టి ఊపిరి బిగబట్టి, పొట్ట లాక్కుని, ఎర్రబడిన ముఖంతో విస్తరిలోని తీపి ఒబ్బట్టు వైపు వేలు చూపించాడు.

"వదలండి, ఈడ కొలిచేవాళ్లు యాడుండారు?"

శెట్టి వదల్లేదు. ఆమె నవ్వాపుకోలేక దానిమీద ఒక్క చుక్క నెయ్యి వేసింది. శెట్టి పొట్ట మళ్లీ ఒళ్లోకి వచ్చి కూర్చుంది.