పళ్లెం దాటిపోయిన ఆదివారాలు

మా చర్చి సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఆరాధన ఉంటుంది. అందరం పాట పాడుతుండగా రొట్టె పళ్లెం వరుసల వెంట చేతులు మారుతూ వస్తుంది. ఎవరితోనైనా తగువు ఉంటే ముందు సమాధానపడాలని, ఆ తర్వాతే పళ్లెంలో చేయి పెట్టాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. ఎవరైనా తీసుకోకుండా పక్కవారికి అందించేస్తే మేం చూడనట్టే ఉంటాం. కాని అందరం చూస్తాం.

తెలంగాణ ఉద్యమం ఊరూరా సాగుతున్న రోజుల్లో, జనగామలో నేను వకీలుగా కుదురుకుంటున్నప్పుడు, నా ముందు వరుసలో కూర్చునే ఒక అవ్వ అలా పళ్లెం అందించేసేది. ఆమె కేసు నా చేతిలోనే ఉంది.

లింగాల ఘనపూర్ వైపు పల్లె ఆమెది. కొడుకు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా భార్యను కొట్టేవాడు. ఒకసారి దెబ్బలకు ఆ పిల్ల దవాఖానలో పడింది. అక్కడి నుంచి బచ్చన్నపేటలోని పుట్టింటికి పోయి కేసు పెట్టింది. భర్తతో పాటు అత్త కూడా కొట్టిందని ఫిర్యాదులో ఉంది. కొడుకు వేరే వకీలును పెట్టుకున్నాడు. అవ్వకు బెయిలు వచ్చింది కాని, కోడలి దగ్గరకు పోకూడదని షరతు పెట్టారు. పోతే బెయిలు రద్దయి జైలుకు వెళ్లాలి.

"ఆ రోజు సంగతి ఎవ్వరికీ చెప్పకు అవ్వా" అన్నాను మొదటి రోజే.

"దేవునికి చెప్పొచ్చా బిడ్డా?"

"ఆయనను ఎవరూ బోనెక్కించరు. చెప్పొచ్చు."

ఆమె నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నాకూ చెప్పింది.

"నేను చెయ్యెత్తలే. కాని వాడు కొడుతుంటే నా అర్రల వోయి లోపట గడియ వెట్టుకున్న. పిల్ల 'అత్తా, తలుపు తియ్యి' అని మొత్తుకుంది. తియ్యలే. వాడంటే నాగ్గూడ భయమే."

చట్టం ప్రకారం ఆమెను కాపాడే మాట అందులోనే ఉంది, ఆమె కొట్టలేదు. కాని ఆమెకు కావలసింది అది కాదు. కోడలిని మన్నింపు అడిగితే గాని పళ్లెంలో చేయి పెట్టనంది. షరతు మార్చమని అడుగుదామంటే తెలంగాణ కోసం వకీళ్లమంతా కోర్టులు బహిష్కరించి బయట శిబిరంలో కూర్చున్నాం. కోర్టు ఎప్పుడు నడుస్తుందో ఎవరికీ తెలియదు.

సంఘంలో ఒక అక్క నన్ను అడగనే అడిగింది. "దేవుని బిడ్డవయ్యుండి, కోడలిని కొట్టినోళ్ల దిక్కు నిలవడుతవా?" నేను మెల్లగా చెప్పాను, మన తరఫున మాట్లాడేవాడు ఒకడు లేకపోతే మనలో ఎవరం నిలబడతాం అక్కా అని. ఆ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. అయినా అవ్వ పళ్లెం అందించేసిన ప్రతిసారీ, రొట్టె తీసుకుని నేను తల వంచుకునేదాన్ని.

శిబిరంలో నా పక్కన కూర్చునేది కోడలి తరఫు వకీలు, నాకన్నా చాలా పెద్దాయన. "కోర్టుల నిన్ను ఇడ్వ చెల్లె. గిక్కడ మాత్రం జర జరుగు, ఎండ కొడుతుంది" అనేవాడు. ఒకరోజు ఆయనకు అవ్వ కోరిక చెప్పాను.

"రాజీకా?"

"కాదన్నా. కేసు కేసే. మన్నింపు అడిగితే గాని బల్లల రొట్టె ముట్టదంట, అంతే."

ఆయన నా వైపు తిరిగాడు. "షరతు ముసలామెకు గాని మా పిల్లకు కాదు. అడిగి చూస్త. ఒద్దంటే మల్ల ఎత్తొద్దు."

ఆ వారమే జనగామ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. బండ్లన్నీ ఆగిపోయాయి. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి, ఉద్యమంలో ఉన్నవాళ్లంతా అక్కడే వండి అక్కడే తినాలి. కోర్టు నడవకున్నా వాయిదా తేదీకి వచ్చిన అవ్వ పల్లెకు తిరిగి పోయే దారి లేక, ఆడవాళ్లలో కలిసి కత్తిపీట ముందు వంకాయలు కోస్తోంది. ఇంతలో పెద్దాయన వెనక ఆ పిల్ల వచ్చింది. వచ్చి అవ్వకు ఎదురుగా కూర్చుంది.

అవ్వ చేతిలో వంకాయ ఆగిపోయింది. భయంగా నా వైపు చూసింది. "ఆమే వచ్చింది అవ్వా, మాట్లాడు" అన్నాను.

"బిడ్డా, నువ్వు పిలుస్తుంటే ఇన్న" అంది అవ్వ. "గడియ మీద చెయ్యి వెట్టిన. తియ్యలే. నన్ను మన్నించు."

వెనక నినాదాలు, గరిటెల చప్పుడు.

"పోలీసు ఠానాల అడిగితే నువ్వు గూడ కొట్టినవని చెప్పిన" అంది ఆ పిల్ల. "ఆ తలుపు తెరుచుకోకపోతే నాకు గట్లనే అనిపించింది. కోర్టుల మాత్రం ఉన్నదున్నట్టు చెప్త. కాని కేసు వాపసు తీసుకోను."

"తీసుకోకు. వానికి భయపడి ఇద్దరం బతికినం, సాలు."

"మన్నించిన్నో లేదో నాకే ఎరుకలేదత్తా. ఆ తలుపు ఇంకా కలలకు వస్తది." ఆమె వంగి అవ్వ ముందు నుంచి ఒక వంకాయ తీసుకుని, పుచ్చు చూసి పక్కన పడేసింది. "కండ్లు సరిగ గానొస్తలేవా ఏంది, పుచ్చువన్నీ కోస్తున్నవు! జరుగు, నేను కోస్త."

ఆ పూట ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. లేచేటప్పుడు ఆ పిల్ల అంది, "వచ్చే బల్లకు రొట్టె తీసుకో."

కేసు తేలడానికి చాలా కాలం పట్టింది. ఆ పిల్ల బోనులో నిలబడి గడియ సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. అవ్వ బయటపడింది, కొడుక్కు శిక్ష పడింది. ఆ రోజు పెద్దాయన నాతో ఒక్క మాటకూ గొడవపడలేదు.

కాని నాకు ఎక్కువగా గుర్తొచ్చేది వంటావార్పు తర్వాతి బల్ల ఆదివారం. పళ్లెం ముందు వరుసకు వచ్చింది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. పక్కనున్నామె చేయి చాపి ఎదురుచూస్తోంది. సంఘ కాపరి పాట ఆపలేదు, మేమూ ఆపలేదు. అయిపోయిన చరణాన్నే మళ్లీ అందుకున్నాం. అప్పుడు అవ్వ రొట్టె తుంచుకుంది.